శనివారం బిల్లు

మా షోరూమ్‌లో శనివారం ఒక్క ఆటో కూడా అమ్ముడుపోయేది కాదు. కాగితాల మీద మాత్రమే సుమా. నిజానికి శనివారం పొద్దున్నే జగిత్యాల రోడ్డు మీద మా గేటు ముందు కొత్త ఆటోలు బంతిపూల దండలు వేసుకుని నిలబడేవి. ముందు సీట్లో యజమాని, వెనక సీట్లో పట్టినంతమంది చుట్టాలు ఎక్కి, కొండగట్టు దారి పట్టేవాళ్లు. మంగళవారం కూడా అంతే. ఆ రెండూ అంజన్న రోజులు, అంటే కొండగట్టు ఆంజనేయస్వామివి. కానీ శనివారం ఇనుము కొనకూడదు, మంగళవారం కొత్త పని మొదలుపెట్టకూడదు. అందుకని బిల్లులన్నీ శుక్రవారం తేదీతోనో సోమవారం తేదీతోనో ఉండేవి. శనివారం పొద్దున బేరం కుదిరినా బిల్లు మీద శుక్రవారమే పడేది. దేవుడికి ఒక రోజు, శనికి ఒక రోజు ఇచ్చి, ఇద్దరినీ నొప్పించకుండా మా సేటు నడిపిన పద్ధతి అది.

హైదరాబాద్‌లో కంపెనీ తరఫున మా రిపోర్టులు చూసే సారు ఒకసారి ఫోన్ చేసి, "మీ జగిత్యాలలో జనం వారానికి రెండు రోజులే నిద్ర లేస్తారా అమ్మా?" అని అడిగాడు. నాకు ఒళ్లు మండింది. కానీ ఆయన అడిగినదాంట్లో తప్పేం లేదు.

నేను ఆ షోరూమ్‌లో కంప్యూటర్ ఆపరేటర్ని. మాది సిరిసిల్ల. మరమగ్గాలను మా ఊళ్లో సాంచాలంటారు. మా బాపుకు సొంత సాంచాలు ఉండేవి. గుడ్డకు గిరాకీ పోయి, కరెంటు బిల్లు కూడా వెళ్లని ఏడాది వాటిని తూకానికి అమ్మేశాడు. పాత ఇనుము కొనేవాడు లారీ తెచ్చి, సమ్మెటతో విరగ్గొట్టి ఎక్కించుకుపోయాడు. అది ఏ వారమో నాకు గుర్తులేదు. ఇనుము కొనడానికే మంచిరోజు చూస్తారు, అమ్మడానికి ఎవరూ చూడరు. ఆ తర్వాతే నేను జగిత్యాలలో గది తీసుకుని ఈ పనిలో చేరాను.

ఆ ఏళ్లలో మా వైపు ఆటోలు బాగా పోయేవి. కోరుట్ల, జగిత్యాల చుట్టుపక్కల పల్లెల్లో గల్ఫ్ నుంచి తిరిగొచ్చినవాళ్లు ఆటో కొనేవాళ్లు. గల్ఫ్ పోకుండా ఉండాలనుకున్నవాళ్లూ ఆటోనే కొనేవాళ్లు. సిరిసిల్లలో సాంచాలు బందయినవాళ్లు సగం మంది భివండి మగ్గాల పనికి రైలెక్కితే, మిగిలినవాళ్లు మా కౌంటరు మెట్లెక్కారు. ఊరు చెడితే బాగుపడే వ్యాపారాలు కొన్ని ఉంటాయి. నాకు జీతమిచ్చింది అలాంటి వ్యాపారమే.

ఒక కొత్త డీజిల్ మోడల్‌కు మరీ గిరాకీ. కంపెనీ నెలకోసారి లారీలో కొన్ని బండ్లే పంపేది. ఎన్ని పంపాలన్నది మా దగ్గరున్న గట్టి బుకింగుల లెక్క చూసి తేల్చేది. రద్దులు ఎక్కువుంటే బండ్లు తక్కువ. జగిత్యాల షోరూమ్‌కు, కోరుట్ల, సిరిసిల్లల్లో ఉన్న మా కౌంటర్లకు కలిపి ఒకటే లైను. ముందు రాసుకున్నవాళ్లకు ముందు. అంతవరకు న్యాయంగానే ఉండేది.

ఆ లైనంతా కంప్యూటర్‌లో ఒకే ఒక్క టేబుల్. మనిషికొక వరుస. పేరు, ఊరు, బుకింగ్ తేదీ, చివర్న స్టేటస్. ఆ చివరి గడిలో 'అడిగిండు', 'బుకింగ్', 'లోన్', 'బిల్లు', 'డెలివరీ', 'రద్దు', ఏదో ఒక మాట ఉండేది. సాయంత్రం షట్టర్ దించే ముందు కోరుట్ల నుంచి ఒకరు, సిరిసిల్ల నుంచి ఒకరు ఫోన్ చేసి, ఎవరి సంగతి ఎక్కడిదాకా వచ్చిందో చెప్పేవాళ్లు. పాత మాట చెరిపి కొత్త మాట కొట్టేదాన్ని. గడిలో 'బుకింగ్' అని కొట్టగానే పక్కన తేదీ గడిలో ఆ రోజు తేదీ దానంతటదే పడేది. నాకన్నా ముందు ఎవరో చేసిపెట్టిన ఏర్పాటు అది. పని తొందరగా అయ్యేది కాబట్టి అందరూ మెచ్చుకునేవాళ్లు.

ఆ టేబుల్‌కు నిన్న అనేది లేదు. ఇవాళ ఎవరెక్కడున్నారో చెబుతుంది, అక్కడికెట్లా వచ్చారో చెప్పదు. పోయిన నెల రిపోర్టును ఈ నెల మళ్లీ తీస్తే అంకెలు మారిపోయేవి. పోయిన నెల బుకింగుల్లో ఉన్నవాళ్లు ఈ నెలకల్లా బిల్లులోకో రద్దులోకో వెళ్లిపోయి ఉంటారు కదా. హైదరాబాద్ సారుకు ఒకసారి పంపిన కాగితం, మరోసారి పంపిన కాగితంతో పొసగేది కాదు. "ఏది నిజం?" అని అడిగేవాడు. "రెండూ నిజమే సార్" అంటే నవ్వేవాడు కాదు.

ఆయనకు అసలు కోపం సిరిసిల్ల మీద. రద్దులన్నీ అక్కడివే. "మాట మీద నిలబడని ఊరులా ఉందమ్మా. వాళ్ల వల్ల మీకందరికీ బండ్లు తగ్గుతున్నాయి" అన్నాడు. మా ఊరిని అట్లా అంటే నాకు కోపం వచ్చింది. గట్టిగా ఏదైనా అందామనుకున్నాను. నా ముందున్న తెర మీద రద్దులు బారుగా కనిపిస్తుంటే ఏమనను?

అట్లాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం ఆమె వచ్చింది. ముప్ఫై ఏళ్లుంటాయి. చందుర్తి వైపు పల్లె. భర్త సిరిసిల్లలో సాంచాల మీద పనిచేసేవాడట, ఆర్నెల్లుగా ఖాళీ. బస్సులు మారి వచ్చినట్టుంది, చెంగుతో ముఖం తుడుచుకుంటూ నేరుగా నా బల్ల దగ్గరికే వచ్చింది.

"చెల్లె, మా ఆయన పేరు మీద బండి రాసిచ్చినం. మా ముందటోళ్లకు అచ్చింది, మా ఎన్క రాసిచ్చినోళ్లకు గూడ అచ్చింది. మాకెందుకు రాలే?"

పేరు వెతికాను. లైనులో కింద ఎక్కడో ఉంది. "మీరు రాసిచ్చింది మొన్ననే గదా అక్కా. మీ ముందట శానమంది ఉన్నరు" అన్నాను.

"మొన్ననా? ఎవలు జెప్పిండ్రు మొన్నని? మా బావ బతికున్నప్పుడు రాసిచ్చినం. ఆయన పోయి గిన్ని దినాలైతున్నది."

బావ అంటే ఆమె భర్తకు అన్న. ఏమైందని అడిగాను. "మందు దాగిండు" అంది. ఆ ఏళ్లలో సిరిసిల్ల వైపు ఆ మాటంటే ఏ మందు అని ఎవరూ అడిగేవాళ్లు కాదు. నేనూ అడగలేదు.

ఆమె వచ్చిన పని అది చెప్పుకోవడానికి కాదు. "చెల్లె, నేను ఒక్కటే మాట జెప్త. బండి అచ్చిందనుకో, ఈన ఇంట్లనే ఉంటడు. రాకుంటే దుబాయ్ పోతడు. కోరుట్ల ఏజెంట్ తాన పాస్‌పోర్ట్ ఉన్నది. వచ్చే నెల మొదటి ఐతారం పోవాల్నట. ఒక్కన్ని మట్టిల వెట్టినం, ఇంకొకన్ని ఇమానం ఎక్కియ్యాల్నా?"

వచ్చే నెల లారీ ఆ ఆదివారానికి రెండు రోజుల ముందు వస్తుంది. లైనులో ఆమె భర్త ఉన్న చోటు చూస్తే ఆ లారీలో కాదు కదా, దాని తర్వాతి దాంట్లో కూడా ఆశ లేదు. ఆమెకు మంచినీళ్లిచ్చి, సిరిసిల్ల కౌంటరుకు ఫోన్ కలిపాను.

సిరిసిల్ల కౌంటరు చూసేది యాభై దాటిన మనిషి. ఒకప్పుడు సాంచాలు రిపేర్ చేసేవాడు, మా ఇంటికీ వచ్చేవాడు. నేను కాకా అనేదాన్ని. సాంచాలు పోయాక ఆయనా ఆటోలు అమ్మే పనికి వచ్చాడు. పేరు చెప్పి, ఈ బుకింగ్ సంగతేంటని అడిగాను.

"అవ్ బిడ్డా, గది పాతదే. మొన్న రద్దు జేసి మళ్ల రాసిన."

"ఎందుకు రద్దు జేసినవ్ కాకా?"

"ఇంట్ల చావాయె గదా. మైల వడ్డ ఇంటి బుకింగ్ అట్లనే ఉంచుతరా? ఆ బండి కలిసి రాదు. అందుకే పాత రసీదు చింపేసి, దినాలు గాంగనే మంచిరోజు చూసి కొత్తగ రాసిచ్చిన. అందరికీ గట్లనే జేస్తున్న."

"అందరికీ అంటే?"

"ఎవలింట్ల చావైతే వాళ్లకు" అన్నాడు. చాలా మామూలుగా అన్నాడు.

ఆయన దాన్ని ప్రేమతో చేశాడు, అది నాకు తెలుసు. కొత్త రసీదుకు నాలుగు మూలలా పసుపు పెట్టి ఇంటికి వెళ్లి ఇచ్చొచ్చేవాడట. చావింట్లో వాళ్లకు అదొక ధైర్యం. పాత అపశకునం తెగిపోయింది, కొత్తగా మొదలైంది అన్నట్టు. కానీ ఆయన ఫోన్‌లో 'రద్దు' అనగానే నేను రద్దు కొట్టాను. 'బుకింగ్' అనగానే బుకింగ్ కొట్టాను, కొత్త తేదీ పడింది. మనిషి లైనులో అట్టడుక్కు జారిపోయాడు. పైగా మైల ఉన్న రోజుల్లో నెలాఖరు వస్తే ఆ ఇల్లు హైదరాబాద్‌కు రద్దుల లెక్కలో పోయింది. ఊళ్లో చావులు పెరిగినకొద్దీ మా రిపోర్టులో ఊరికి మాట తప్పే గుణం పెరిగింది. దానికి శిక్షగా బండ్లు తగ్గాయి. బండ్లు తగ్గితే ఏమవుతుందో నా ఎదురుగా కుర్చీలో కూర్చుని ఉంది.

నాకు కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఎవరి మీద అంటే చెప్పలేను. కాకా మీద కోప్పడితే పాపం తగులుతుంది. కంప్యూటర్ మీద కోప్పడితే జనం నవ్వుతారు.

సేటు దగ్గరికి వెళ్లి అంతా చెప్పాను. మా సేటు భారీ మనిషి, నిదానస్తుడు. షోరూమ్ మధ్యలో నిలువెత్తు అంజన్న పటం పెట్టించాడు. దానికి దండం పెట్టకుండా తాళం చెవి కూడా ఎవరికీ ఇచ్చేవాడు కాదు. విని, "నోటి మాట మీద లైన్ మారుస్తమా బిడ్డా? రేపు ఊరు మొత్తం అస్తది, మేమే ముందు రాసినమని" అన్నాడు.

"పాత రసీదులు కాక చింపేసిండు సేటూ. కంప్యూటర్ల పాత తారీఖు చెరిగిపోయింది. ఇంక నోటి మాటే ఉన్నది" అన్నాను. కొంచెం దురుసుగానే అన్నట్టున్నాను.

సేటు కాసేపు పటం వైపు చూశాడు. "అయితే ఆయననే రమ్మను. సంతకం ఎవడన్న పెడ్తడు. అంజన్న ముంగట చెప్పుమను."

మర్నాడు పొద్దున మొదటి బస్సుకే కాకా వచ్చాడు. ఆమెను కూడా రమ్మని కబురు పెట్టాం, వచ్చింది. కాకా చెప్పులు విడిచి, పటం పాదాల మీద చెయ్యి పెట్టి, "ఈ ఇంటోళ్లు దసర ముందు రాసిచ్చిండ్రు. గట్లనే మిగతా ఇండ్లయి గూడ ఉన్నది ఉన్నట్టు జెప్త. అబద్ధం జెప్తే నా కండ్లు పోవాలె" అన్నాడు. సేటుకు అది చాలు. నాకు చాలదు గానీ, నా దగ్గర అంతకన్నా మంచిది ఏదీ లేదు.

తర్వాత కాకా నా పక్కన స్టూల్ వేసుకుని కూర్చున్నాడు. సిరిసిల్లలో రద్దయి మళ్లీ రాసిన పేర్లు ఒక్కొక్కటి చదివాను. ఆయన ఒక్కొక్కరి గురించి చెప్పాడు. ఒకరింట్లో తండ్రి, ఒకరింట్లో తమ్ముడు. ఒకచోట కోడలు. రోగంతో పోయినవాళ్లున్నారు, వయసు మీద పడి పోయినవాళ్లున్నారు, మందు తాగినవాళ్లున్నారు. నిజంగానే డబ్బు చాలక రద్దు చేసుకున్నవాళ్లూ ఉన్నారు. అన్నింటికీ మా దగ్గర ఉన్నది ఒక్కటే మాట. కొన్ని పేర్ల దగ్గర ఆయన ఆగి తువ్వాలతో కళ్లు ఒత్తుకున్నాడు. నేను తెర మీది నుంచి కళ్లు తిప్పలేదు.

అప్పుడే చెప్పాను, ఇకమీదట రెండు టేబుళ్లుంటాయని. సేటు ఒప్పుకోలేదు. "ఒక్కడు ఒక్క బండి కొంటడు. గంతదానికి రెండెందుకు?"

సాంచాల ఇంట్లో పుట్టినదాన్ని కాబట్టి నాకు ఒక్కటే పోలిక తెలుసు. "మొదటిది పడుగు సేటూ. ఎవలు, ఏ ఊరు, మొదలు ఎప్పుడు రాసిచ్చిండ్రు, అంతే. ఒకసారి పోసినంక దాన్ని ముట్టం. రెండోది పేక. ఏం జరిగితే అది ఒక్కొక్క పోగు పడ్తది. కొత్త పోగు పడ్తే పాతది పీకెయ్యం."

కాకా వెంటనే తలూపాడు. "గిట్ల జెప్పరాదు బిడ్డా మొదలే" అన్నాడు. సేటుకు మగ్గం తెలియదు. మేమిద్దరం ఒక మాట మీద ఉన్నామని మాత్రం అర్థమై, "ఏమన్న జేస్కోండ్రి. కొండగట్టు గూడ పెట్టు అండ్ల. కొండ ఎక్కినంకనే బండి అమ్మినట్టు" అన్నాడు.

వారం రోజులు కూర్చుని చేశాను. పాత టేబుల్‌లో స్టేటస్ గడిని తీసేశాను. అందులో మనిషి, ఊరు, మొదటి బుకింగ్ తేదీ మాత్రమే మిగిలాయి. ఆ తేదీ మారదు, లైను దాన్నిబట్టే. రెండో టేబుల్‌లో ప్రతి మార్పుకూ ఒక కొత్త వరుస. ఏ బుకింగ్, ఏ స్టేటస్, జరిగిన రోజు, చెప్పినవాళ్లు, కారణం. ఇప్పుడు ఎవరెక్కడున్నారో కావాలంటే చివరి వరుస చూస్తే చాలు. పోయిన నెలాఖరుకు ఎక్కడున్నారో కావాలంటే ఆ రోజు వరకున్న వరుసల్లో చివరిది చూడాలి. అట్లా తీస్తే పోయిన నెల రిపోర్టు ఎప్పుడు తీసినా అదే అంకె వస్తుంది. స్టేటస్‌లను విడిగా ఇంకో చిన్న టేబుల్‌లో రాసి, ఏది బుకింగ్ లెక్కలోకి వస్తుందో, ఏది రాదో పక్కనే పెట్టాను. 'ఆగింది' అని కొత్తది చేర్చాను. చావింటికి, మూఢానికి, పురిటికి అదే. ఆగింది గట్టి బుకింగే, రద్దు కాదు. కాకా చెప్పిన చావిళ్ల పాత రద్దులన్నీ అందులోకే మార్చాను. సేటు కోరిక ప్రకారం అన్నిటికన్నా చివర్న 'కొండగట్టు'.

కారణం గడి ఖాళీగా ఉంటే ముందుకు పోనివ్వదు. ఇంకొకటి కూడా చేశాను. బిల్లు తేదీని చేత్తో కొట్టే వీలు లేకుండా, ఆ రోజు తేదీ దానంతటదే పడేట్టు బిగించాను. శనివారం బిల్లులు శుక్రవారంలోకి జారుకోవడం మీద హైదరాబాద్ సారు వేసిన జోకు నాకింకా మంటగానే ఉంది. ఈ ముక్క మాత్రం సేటుకు చెప్పలేదు. చెబితే ఒప్పుకోడని తెలుసు.

కొత్త పద్ధతిలో మొదటి రిపోర్టు వెళ్లిన రోజు హైదరాబాద్ నుంచి ఫోన్ వచ్చింది. "కొండగట్టు అంటే ఏంటమ్మా?" అన్నాడు. డెలివరీ తర్వాతది సార్ అన్నాను. తర్వాత, "ఈ 'ఆగింది' ఏ లెక్కలో వేయాలి?" అన్నాడు. బుకింగ్‌లో అన్నాను. అవతల కాగితం తిప్పిన చప్పుడు వినిపించింది. కారణాల గడులు పై నుంచి కిందికి చదువుతున్నాడని అర్థమైంది. "సరే అమ్మా" అని పెట్టేశాడు. ఆ నెల బండ్లు పెరిగాయి. ఆయన్ని అంతకుముందు తిట్టుకున్నవి కొన్ని వెనక్కి తీసుకున్నాను, అన్నీ కాదు.

లైను సరిచేశాక ఆమె భర్త పేరు పైకి వచ్చింది. రాబోయే లారీలో చివరి బండి వాళ్లది. దాంతో కోరుట్లలో ఒకాయన ఒక మెట్టు కిందికి దిగాడు. మస్కట్‌లో ఏళ్ల తరబడి చేసి వచ్చినాయన. కోరుట్ల కౌంటరు అబ్బాయి ఫోన్‌లో నన్ను ఏకిపారేశాడు. "మా గిరాకి ఏం పాపం జేసిండు మేడం? లైన్ల నిలవడ్డోన్ని ఎన్కకు నూకుతరా?" అన్నాడు. ఆ గిరాకి ఏ పాపమూ చేయలేదు. అదే చెప్పాను. ఇంకో నెల ఆగమన్నాను. ఎవరికో అన్యాయం జరిగిందని సరిదిద్దితే ఇంకెవరికో జరుగుతుంది. దాన్ని సరిదిద్దే టేబుల్ నాకు చేతకాలేదు.

లారీ శుక్రవారం రావాలి. ఆదివారం పొద్దున ఆమె భర్త కోరుట్లలో ఏజెంట్ జీపెక్కాలి. శుక్రవారం పొద్దున్నే ఇద్దరూ వచ్చి షోరూమ్ బెంచీ మీద కూర్చున్నారు. భర్త సన్నటి మనిషి, మాట తక్కువ. సాయంత్రమైనా లారీ జాడ లేదు. దారిలో ఇరుసు విరిగిందని ఫోన్ వచ్చింది. వాళ్లు బస్టాండు దగ్గర చుట్టాలింట్లో పడుకుని, మర్నాడు మళ్లీ వచ్చారు. శనివారం మధ్యాహ్నం రెండింటికి లారీ గేటులోకి వచ్చింది.

బండి దింపారు. పసుపు, కుంకుమ పెట్టారు. సేటు మాత్రం బిల్లు మాట ఎత్తడు. చివరికి, "ఏమనుకోకుండ్రి, సోమారం కొడ్దాం బిల్లు. ఇయ్యాల శనారం, ఇనుము" అన్నాడు.

"సోమారం నాటికి ఈన ఈడుండడు సేటూ" అంది ఆమె. "బండి కాయితం చేతుల వడ్తెనే పాస్‌పోర్ట్ వాపస్ అడుగుతడు. లేకుంటే రేపు జీపెక్కుతడు."

సేటు అది విని నా వైపు తిరిగాడు. "శుక్రారం వెయ్యి బిడ్డా, ఎప్పటి లెక్కనే."

"పడదు సేటూ" అన్నాను.

"ఎందుకు వడదు?"

"నేనే బంద్ జేసిన."

అందరూ నా వైపు చూశారు. మెకానిక్‌లు కూడా. ఆ క్షణంలో ఆ గడిని అంత గట్టిగా బిగించినందుకు నన్ను నేను తిట్టుకున్నాను. విప్పాలంటే గంట పట్టదు. అయినా విప్పాలనిపించలేదు. ఒకసారి విప్పితే ఆ టేబుల్‌లో ఏ తేదీనీ నేనే నమ్మలేను. సేటు ముఖం ఎర్రబడింది. భర్త బెంచీ మీంచి లేచి, "తియ్యిర్రి సేటూ, నేను పోత తియ్యి. వచ్చే యాడాది సూద్దాం" అన్నాడు. కొట్లాటంటే భయపడే మనిషి కొట్లాట ఆపడానికి అన్నట్టు అన్నాడు.

ఆమె లేవలేదు. కూర్చున్న చోటి నుంచే సేటును చూసి అంది. "సేటూ, శని మా ఇంటికి రానే అచ్చిండు. తినేది తిని పోయిండు. ఇంక మా తాన ఏమున్నదని మళ్ల అస్తడు? కొట్టియ్యి బిల్లు."

సేటు అంజన్న పటం ముందుకు వెళ్లి నిలబడ్డాడు. ఏం అడిగాడో, ఏం విన్నాడో నాకు తెలియదు. తిరిగొచ్చి తన కుర్చీలో కూర్చుని, "కొట్టు" అన్నాడు.

కొట్టాను. తేదీ గడిలో శనివారం దానంతటదే పడింది. కారణం దగ్గర ఆగిపోయింది. మిగతా బిల్లులకు 'లోన్ మంజూరు' అనో 'లైను వచ్చింది' అనో కొట్టేసేదాన్ని. శనివారం బిల్లుకు ఏం రాయాలో తోచలేదు. రేపు హైదరాబాద్ అడిగితే సేటే చెప్పుకోవాలి కాబట్టి ఆయన్నే అడిగాను. సేటు ఆమె వైపు చెయ్యి చూపించాడు.

"ఏం రాయాలె అక్కా?"

"ఈన ఇంట్లనే ఉండాలె అని రాయి చెల్లె."

ఆ మాటే కొట్టాను. ఒక్క అక్షరం మార్చలేదు. భర్త అటు తిరిగి కొత్త బండి అద్దం తుడవడం మొదలుపెట్టాడు, అది అప్పటికే శుభ్రంగా ఉంది. ఎట్లాగూ శనివారమే కాబట్టి బండి నేరుగా కొండగట్టు పోయింది. వెనక సీట్లో ఆమె ఒక్కతే కూర్చుంది. ఆ సాయంత్రం షట్టర్ దించేటప్పుడు సేటు నాతో మాట్లాడలేదు. సోమవారం మామూలుగానే బిడ్డా అని పిలిచాడు.

ఆ సోమవారం పొద్దున కోరుట్ల కౌంటరు అబ్బాయి ఫోన్ చేశాడు. గొంతులో కోపం ఇంకా పూర్తిగా పోలేదు. "మీ సిరిసిల్లాయన నిన్న పొద్దుగాల కొత్త బండేసుకొని అచ్చిండు మేడం. ఏజెంట్‌తోని కొట్లాడి పాస్‌పోర్ట్ వాపస్ తీస్కపోయిండు. ఆయనతోని ఆయన భార్య గూడ అచ్చింది, ఆమెనే కొట్లాడింది నిజం జెప్పాల్నంటే." "దీనికేమన్న స్టేటస్ ఉన్నదా నీ టేబుల్ల?" అని అడిగాడు.

లేదన్నాను. ఫోన్ పెట్టేసి ఆ బుకింగ్ వరుసలు తెరిచాను. కింది నుంచి పైకి చదివాను. కొండగట్టు, డెలివరీ, శనివారం బిల్లు, దాని పక్కన ఆమె చెప్పిన మాట. ఆ పైన 'ఆగింది', దాని పక్కన 'అన్న చావు'. కొత్త వరుస ఏదీ చేర్చలేదు. ఆయన ఇంట్లోనే ఉన్నాడు.